కుడిచేతి ముద్ద

ఎనుమాముల, వరంగల్
20 జులై 2025

అక్కకు,

ఎడమచేతి రాత ఇప్పుడు గీత దాటకుండా వస్తోంది, చూశావా. ఫోన్ చేస్తే నీ చెవికి ఈల తప్ప మాట వినపడదంటావు. డాక్టరమ్మేమో నన్ను రోజూ ఒక పేజీ రాయమంటుంది. ఈ ఉత్తరంతో రెండు పనులూ అయిపోతాయి.

యార్డులో ఇప్పుడు పనిలేదు. మిర్చి అయిపోయింది, పత్తి రావాలంటే దసరా దాటాలి. సేటు నన్ను కాంటా దగ్గర కూర్చోబెట్టి తూకం చీటీలు రాయిస్తున్నాడు. ఎండాకాలంలో జరిగిన సంగతి ఒకటి నీకు చెప్పలేదు. మిర్చి తెచ్చిన ఒకామె వెంట చిన్న పిల్లవాడు వచ్చాడు. మోచేతి కింద ముడేసిన నా కుడి చొక్కా చేతిని చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళమ్మ వాడి తొడ గిచ్చి "అట్ల చూడొద్దు" అంది. "గిచ్చకమ్మా, అడగనీ" అన్నాను. వాడు అడిగాడు: "నీ చెయ్యి ఎవరు తిన్నరు?" జిన్నింగ్ మిల్లు మిషన్ తిన్నదన్నాను. వాడికి ఆ జవాబు సరిపోయింది, ఆడుకోవడానికి పోయాడు. వాళ్ళమ్మ మాత్రం అక్కడే నిలబడి ఇంకో నాలుగు అడిగింది.

ఆ మర్నాడు అట్టముక్క మీద "నా చెయ్యి గురించి ఏదైనా అడగండి" అని రాసి కాంటా పక్కన పెట్టాను. మొదట నవ్వారు, తర్వాత అడిగారు. లుంగీ ఎట్లా కట్టుకుంటావని ఒకరు. గోడకు ఒరిగి, ఒక కొస పళ్ళతో పట్టి కడతానని చూపించాను. దోమ కుడితే ఎట్లా అని ఒకరు. కుట్టేది ఎడమచేతిని అయితేనే కష్టం, దాన్ని గోకడానికి చెయ్యి లేదు, కాంటా స్తంభానికి రాస్తానన్నాను. పక్క దుకాణం సేటు అందరూ పోయాక మెల్లగా వచ్చి "ఏమనుకోకు మొగిలీ, కడుక్కునేది, తినేది ఒక్కటే చెయ్యా?" అన్నాడు. "ఒక్కటే సేటు. సబ్బు ఉన్నది" అన్నాను. నాలుగేళ్ళుగా ఆయన నాతో చాయ్ తాగకపోవడానికి కారణం అదేనని తెలిసింది. మర్నాటి నుంచి తాగుతున్నాడు.

ఇది చూసి దివ్యాంగుల సంఘంవాళ్ళు నన్ను బళ్ళకు తీసుకుపోతున్నారు. నేను ఒకటే నియమం పెట్టుకున్నాను. ఏ ప్రశ్ననూ తప్పనను. తెలిస్తే నిజం చెబుతాను, తెలియకపోతే తెలియదంటాను, తెలుసుకుని ఉత్తరం రాస్తాను. పోయిన వారం హనుమకొండ బడిలో ఒక అమ్మాయి అడిగింది: "కోసేసిన చెయ్యి ఇప్పుడు ఎక్కడున్నది?"

నాకు తెలియదు. అప్పుడు నాకు ఒంటి మీద స్పృహ లేదు. దవాఖానలో అన్నీ చూసుకున్నది నువ్వు. ఎక్కడుంది అక్కా?

ఆ ప్రశ్న విన్నప్పటి నుంచి చేతిలో తేడా ఉంది. లేని చెయ్యి ఉన్నట్టే ఉంటుందని నీకు తెలుసు. ఏటా ఒక రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, అరచేతిలో ఏదో వెచ్చగా, బరువుగా పెట్టినట్టు అవుతుందని కూడా చెప్పాను. డాక్టరమ్మను అడిగితే నరాలు గుర్తుపెట్టుకుంటాయంది. నరాలకు తిథులెట్లా తెలుస్తాయని నేను అడగలేదు. ఇప్పుడేమో ఆ చెయ్యి రోజూ చల్లగా ఉంటోంది.

నీ మరదలు సుకన్య నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ తమ్ముడు
మొగిలి

*

29 జులై 2025

తమ్మీ,

రాత బాగుంది. 'ళ' ఇంకా పడిపోతోంది, దాన్ని నిలబెట్టు.

ఇక్కడ వాన వదలడం లేదు. అంగన్‌వాడీ కప్పు రెండు చోట్ల కారుతోంది. పిల్లలను ఒక మూలకు జరిపి పాట చెబుతున్నాను. వాళ్ళు తిరిగి పాడేది సగం వినపడదు కాబట్టి నోళ్ళు చూసి తప్పులు దిద్దుతున్నాను. నా చెవుల సంగతి ఎవరికీ చెప్పకు. పై ఆఫీసువాళ్ళకు తెలిస్తే ఇంట్లో కూర్చోమంటారు.

నువ్వు అడిగినదానికి జవాబు చిన్నది. దవాఖానవాళ్ళు తీసుకుపోయారు. వాళ్ళకు అట్లాంటివి పారేసే పద్ధతి ఉంటుంది. ఆ పిల్లకు అదే రాయి.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నలుగురిలో ఆ చెయ్యి పేరు అన్నిసార్లు ఎత్తడం మంచిది కాదు. ఎక్కడ చేసినా చేయి గానీ మన ఊరి బడికి మాత్రం రాకు. సార్ నిన్ను పిలుస్తానని మొన్న నాతో అన్నాడు. నేను వద్దన్నాను.

చల్లగా ఉన్నప్పుడు గోరువెచ్చటి ఆవనూనె రాయి.

మీ అక్క
మల్లక్క

*

ఎనుమాముల
8 ఆగస్టు 2025

అక్కకు,

ఉన్నదే రాస్తున్నాను. నీ ఉత్తరం సుకన్యకు చదివి వినిపించాను. కూర తరుగుతున్నదల్లా ఆగిపోయింది. "అదేంది? వదినె కొత్త తువ్వాలల చుట్టుకొని తీసుకపోయింది గద. నేను చూసిన. నర్సు సంతకం గూడ పెట్టిచ్చుకున్నది" అంది. ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదంటే "నువ్వు అడగలే గద" అంది.

ఇద్దరిలో ఒకరు చెప్పేది నిజం కాదు. సుకన్యకు అబద్ధం చెప్పాల్సిన పనిలేదు.

ఊరి బడి సార్ నాకు నేరుగా రాశాడు. సెప్టెంబర్ పన్నెండున రమ్మన్నాడు. వస్తానని చెప్పేశాను. నువ్వెందుకు వద్దంటున్నావో నాకు అర్థమవుతోంది. చెయ్యి పోయిన ఏడాది పెత్తరమాసకు, ఆ పెద్దల అమాస నాడు, బాపుకు బియ్యమివ్వడానికి నేను వస్తానంటే, ఎడమచేత్తో పెద్దలకు పెట్టకూడదని నువ్వే నన్ను ఆపావు. కొడుకు చేయాల్సిన పని బిడ్డ చేసింది. తర్వాత ఎప్పుడొచ్చినా ఇంటికే రానిచ్చావు, మన చెలక చేను వైపు పోనివ్వలేదు. బురద అన్నావు, పాము అన్నావు. ఇప్పుడు బడికీ వద్దంటున్నావు. ఊరివాళ్ళ ముందు నా చొక్కా ముడి చూడడం నీకు సిగ్గయితే ఆ మాటే చెప్పు. ప్రశ్న ఎట్లాంటిదైనా తప్పనను అని నీకు రాశాను, జవాబు ఎట్లాంటిదైనా కూడా తప్పనను.

ఇంకొకటి. మంగళవారం నాడు ఇక్కడ చినుకు లేదు, ఎండ కాసింది. నా కుడి చెయ్యి మాత్రం పొద్దంతా నీళ్ళలో నానినట్టుంది, వేళ్ళ సందుల్లోకి మట్టి దిగుతున్నట్టుంది. సాయంత్రం బస్సులో వచ్చిన మన ఊరి మనిషిని అడిగితే "మనకాడ పొద్దటిసంది గుద్దుతాంది వాన" అన్నాడు.

మొగిలి

*

17 ఆగస్టు 2025

తమ్మీ,

సిగ్గా? ఆ మోచేతికి కట్టు మార్చింది ఎవరు? నర్సు మొహం తిప్పుకుంటే చీము తుడిచింది ఎవరు? సిగ్గన్న మాట ఇంకోసారి రాయకు.

సుకన్య చూసింది నా తువ్వాల. అందులో నీ రక్తం అంటిన చొక్కా ఉంది. ఉతకడానికి తెచ్చాను.

వస్తానని సార్‌కు చెప్పేశావు కాబట్టి ఇప్పుడు రాకుండా ఉండలేవు. దసరా దాటాక రా, అప్పుడు నేనే బడి ఊడ్చి పెడతాను. పెత్తరమాస ముందు వద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను.

ఇక్కడ సంగతులు: పక్కింటి చిలుకమ్మ మోకాళ్ళు పట్టేసి మంచం దిగడం లేదు. ఆమె మనవరాలు సౌమ్య, మూడో తరగతి, నా వెంటే తిరుగుతుంది. మాటల పుట్ట. నాకు సగమే వినపడుతుందని దానికి తెలిసిపోయింది, నా మొహంలో మొహం పెట్టి మాట్లాడుతుంది.

ఒకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు రాయి. నీకు తెలిసే ఆ చెయ్యి ముడుచుకుని ఉంటుందా, తెరుచుకుని ఉంటుందా? బోర్లా ఉంటుందా, వెల్లకిలా ఉంటుందా?

మీ అక్క

*

ఎనుమాముల
27 ఆగస్టు 2025

అక్కకు,

వెల్లకిలా ఉంటుంది. తెరుచుకుని, నాలుగు వేళ్ళు కొంచెం లోపలికి, బొటనవేలు పక్కకు. నాలుగేళ్ళుగా అట్లాగే ఉంది. డాక్టరమ్మ చాలాసార్లు "ముడవండి, ముడిచినట్టు అనుకోండి" అని చేయించింది. ముడుచుకోదు. బడుల్లో తిరుగుతూ ఎన్ని ప్రశ్నలు విన్నానో లెక్కలేదు, ఇది ఒక్కరూ అడగలేదు. నీకెట్లా తోచింది?

ఈ రోజు వినాయకుడిని పెట్టాం. సుకన్య ఒకతే ఎత్తి పెట్టింది, నేను దారి చూపాను.

పన్నెండున పొద్దుటి బస్సుకు వస్తున్నాను. చివరి వరుసలో అయినా సరే, నువ్వు వచ్చి కూర్చో.

మొగిలి

*

ఎనుమాముల
13 సెప్టెంబర్ 2025

అక్కకు,

నిన్న నువ్వు తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని పిల్లలు నవ్వినప్పుడల్లా నవ్వావు. నీకు ఏం వినపడిందో, ఏం వినపడలేదో నాకు తెలియదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట మామూలు ప్రశ్నలే. పతంగి ఎగరేస్తావా అని ఒకడు. దండం ఎట్లా పెడతావని ఇంకొకడు. "సగం దండమే పెడత, సగమే అడుగుత" అన్నాను. సార్ కూడా నవ్వాడు. అప్పుడు మీ పక్కింటి సౌమ్య లేచి నిలబడింది.

"నీ పేరు మొగిలేనా?"

అవునన్నాను.

"మల్లక్క పెద్దమ్మ తమ్మునివేనా?"

అవునన్నాను.

"మరి నువ్వు సచ్చిపోయినవ్ గద."

పిల్లలు నవ్వారు. నువ్వూ నవ్వావు. సార్ "ఏయ్, కూసో" అన్నాడు. నేను అడగనీయమన్నాను. నీకు ఎవరు చెప్పారమ్మా అంటే, "ఎవ్వలు చెప్పలే. పెత్తరమాసకు నీళ్ళచెంబు పట్టుకొని పెద్దమ్మ ఎంబడి నేనే పోత గద. చెలకల మూడు ముద్దలు పెడతది. తాతకొకటి, అవ్వకొకటి, మొగిలికొకటి. మొగిలిది చిన్న గోరి. నువ్వు మొగిలివైతే ఆడున్నది ఎవలు?"

ఎవరూ నవ్వలేదు. సార్ నా వైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు. ఆయనకు తెలుసునన్నమాట. ఊళ్ళో ఇంకెంతమందికి తెలుసో.

నాకు తెలియదు బిడ్డా అన్నాను. అది నా నియమం. ఆ పిల్ల కూర్చోలేదు. "నువ్వు బతికే ఉంటే, ఇగ ఆయనకు బువ్వ పెట్టరా? ఆయన ఉపాసముంటడా?" అంది. దానికీ తెలియదనే అన్నాను.

ఇంటికొచ్చాక నువ్వు పచ్చిపులుసు పోసి ఎందుకట్లా ఉన్నావని అడిగావు. ఎండ అన్నాను. బస్సుకు ఇంకా టైముందని చెప్పి బయటికొచ్చి చెలకకు పోయాను. బురద లేదు, పాము లేదు. పత్తి మోకాలెత్తు ఉంది. గట్టున బాపు గోరి, అవ్వ గోరి, వాటి పక్కన జానెడు రాయి. దాని మీద పాత పసుపు.

రాయి దగ్గర నిలబడగానే నా కుడి చెయ్యి పోయింది. ఇంకెట్లా రాయాలో తెలియడం లేదు. నాలుగేళ్ళుగా చల్లగానో, వేడిగానో, తడిగానో అది ఎప్పుడూ ఉంది. అక్కడ మాత్రం మోచేతి కింద ఏమీ లేదు, మిగిలినవాళ్ళకు కనపడేట్టే ఉంది. గట్టు దిగి తారురోడ్డు ఎక్కాక మళ్ళీ వచ్చింది. రెండుసార్లు వెనక్కిపోయి చూశాను. రెండుసార్లూ అంతే.

అక్కడ ఉన్నది నా చెయ్యే కదా. అక్కడ పెట్టిన పేరు కూడా నాదే కదా. నేను చనిపోయానని నువ్వు ఎవరికి చెప్పావు? ఎందుకు చెప్పావు?

మొగిలి

*

16 సెప్టెంబర్ 2025

తమ్మీ,

దాచను. దాచింది నువ్వు పదికాలాలు ఉండాలనే, తప్పు చేసి కాదు.

చెయ్యి తీసిన మూడో నాడు నీకు జ్వరం దిగలేదు. విషం పైకి పాకుతోందన్నాడు డాక్టర్. రేపటి దాకా చూద్దాం, మీవాళ్ళకు చెప్పుకోండి అన్నాడు. సుకన్య పడిపోయింది. పక్క మంచం మీద ఏటూరునాగారం వైపు ముసలామె ఒకామె ఉండె. చెయ్యి ఏం చేసినవ్ బిడ్డా అని నన్నడిగింది. ఐస్ డబ్బాలో పెట్టారు, పారేస్తారట అన్నాను. "పారెయ్యనియ్యకు. చెయ్యి ముందు పోయింది, మిగిలిన మనిషి కోసం ఎదురుచూస్తది. దాన్నే మనిషిని చేసి సాగనంపు. పోయినోళ్ళల్ల కలుపు. మనిషి తమకు ముట్టిండని వాళ్ళనుకుంటే, తీసుకపోనీకి ఇంకోసారి రారు" అంది.

సంతకం పెట్టి తెచ్చుకున్నాను. బాపు పక్కన తవ్వించి, వెల్లకిలా పెట్టాను, ముద్ద పట్టేటట్టు. వేళ్ళు నేనే సర్దాను. "బాపూ, మొగిలి వచ్చిండు, పట్టుకో" అన్నాను. మూడోనాడు పిట్టకు పెట్టాను, దినాలు చేశాను. ఏటా పెత్తరమాసకు నీ పేరున ముద్ద పెడుతున్నాను. దవాఖానలో నీ జ్వరం దిగింది నేను ఆ గుంత పూడ్చిన సాయంత్రమే. మందులన్నీ వాడినందుకు అంటావు. నేను రెండూ అంటాను. ఒకటి తీసేసి చూసే ధైర్యం నాకు లేదు.

నిన్ను అక్కడికి రానివ్వనిది ఎడమచేతికని కాదు. సిగ్గుకు కాదు. అక్కడున్నవాళ్ళు నిన్ను చూస్తారని. వచ్చినవాడు మొగిలి కాదని తెలిస్తే, మొగిలిని అడుగుతారని. నువ్వేమో బడి నిండా పిల్లల ముందు పేరు చెప్పి, బతికే ఉన్నానని చెప్పి, తిన్నగా పోయి ఆ రాయి దగ్గరే నిలబడ్డావు.

ఒంట్లో ఎట్లా ఉంది? జ్వరం ఏమైనా ఉందా? ఆ ఒక్కటి రాయి.

మల్లక్క

*

ఎనుమాముల
18 సెప్టెంబర్ 2025

అక్కకు,

జ్వరం లేదు. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిన్నాను.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కోపం రాలేదు. ఆ రోజు నా మంచం పక్కన నేనున్నా అదే చేసేవాడినేమో. కానీ ఒకటి ఆలోచించు. చొక్కా ముడి చూసి, నా మొహం చూడకుండా సుకన్యతో "ఆయనేం తింటడు?" అని అడిగేవాళ్ళు నాకు రోజూ తగులుతారు. వాళ్ళ లెక్కలో నేను సగం పోయినవాడినే. అది మార్చడానికే అట్టముక్క పెట్టుకుని కూర్చున్నాను. సొంత ఊళ్ళో, సొంత అక్క లెక్కలో పూర్తిగా పోయి ఉంటే, రేపు ఏ పిల్లకు ఏమని జవాబు చెప్పను?

ఈసారి నాకు పెట్టకు. బాపుకు, అవ్వకు నేను ఇక్కడే బియ్యమిస్తాను, ఎడమచేత్తోనే. నాకున్నది అదే. నాకేమైనా అవుతుందని నీకు భయం. నాకూ లేదని చెప్పను. అయినా అడుగుతున్నాను.

మొగిలి

*

21 సెప్టెంబర్ 2025, పెత్తరమాస

తమ్మీ,

పెట్టలేదు.

పొద్దున అన్నం వండాను, పప్పు చేశాను. విస్తరి ముందు పెట్టుకుని కూర్చున్నాను. లేచి చెలక దాకా పోయే దారి కాళ్ళకు తెలుసు, అయినా పోలేదు. తలుపు దగ్గరికి వేసుకున్నాను.

సౌమ్య ఎప్పటిలా నీళ్ళచెంబు పట్టుకుని వచ్చింది. ఈ ఏడు లేదు బిడ్డా, మొగిలి మామ ఇంటికాడ మంచిగున్నడు, ఆడ ఎవలు లేరు అని చెప్పాను. అది చాలాసేపు గడపలో నిలబడింది. ఏదో అంది. తల వంచుకుని అంది కాబట్టి నోరు కనపడలేదు, నాకు వినపడలేదు. ఇంకోసారి చెప్పమనే లోపల పోయింది.

సాయంత్రం ఆడవాళ్ళందరూ ఎంగిలిపూల బతుకమ్మ దగ్గరికి పిలిచారు. కాళ్ళు నొప్పులని చెప్పి పోలేదు. వండిన అన్నం వండినట్టే ఉంది.

నువ్వు చెప్పావని చేశాను. నీ రాత కళ్ళతో చూసేదాకా నాకు ముద్ద దిగదు. 'ళ' పడిపోయినా పర్వాలేదు.

మీ అక్క

*

ఎనుమాముల
21 సెప్టెంబర్ 2025

అక్కకు,

నేను బాగున్నాను. మొదట అది రాయాలని రాశాను.

పొద్దున అయ్యగారిని పిలిచి బాపుకు, అవ్వకు బియ్యమిచ్చాను. ఎడమచెయ్యి చూసి ఆయన కొంచెం తటపటాయించాడు. "ఏదైనా ఉంటే అడుగు అయ్యగారూ" అన్నాను. "అడిగేదేముంది, ఇయ్యి" అని జోలె చాపాడు. పేర్లు రెండే చెప్పాను.

బియ్యం పోస్తుండగా కుడి అరచేతిలో వెచ్చగా తగిలింది. ప్రతి ఏడూ తగిలేదే. అందుకే నీకు కోపంగా రాయడం లేదు. మానెయ్యమని చెప్పినా నువ్వు మానలేవని నాకు తెలుసు. భయం ఒక ఉత్తరంతో పోయేది కాదు.

కానీ ఈసారి రెండు తేడాలు ఉన్నాయి, నీకు చెప్పాలి. నాలుగేళ్ళుగా డాక్టరమ్మ ఎంత చేయించినా ముడుచుకోని చెయ్యి ఈ రోజు ముడుచుకుంది. ముద్ద మీదికి వేళ్ళు తిరిగాయి, పట్టుకున్నాయి. ఇది రాస్తున్నప్పుడు కూడా పట్టుకునే ఉన్నాయి. సుకన్యకు చెబితే నా చొక్కా ముడి వైపు చూసి లోపలికి పోయింది.

రెండోది. ఏటా ముద్ద ఒక్కటే తెలిసేది, పెట్టినవాళ్ళు తెలిసేవాళ్ళు కాదు. ఈసారి పెట్టిన వేళ్ళు నా అరచేతికి తగిలాయి. అవి తడిగా ఉన్నాయి, నీళ్ళచెంబు మోసినట్టు. చాలా చిన్నవి. నీవి కావు.

ఎవరిని పంపినవ్ అక్కా?

మొగిలి